పోలిక సాళ్లు

"పేరు పెట్టుకోమన్నరు," అని లక్ష్మణ్‌రావు సైకిలు దిగకముందే వాకిట్లో నుంచి అరిచాడు.

లోపల పొద్దటి నుంచీ పోరు నడుస్తూనే ఉంది. కొడుకును పెద్దపల్లి తీసుకుపోయి తన తమ్ముడి రైస్‌మిల్లులో కూర్చోబెడతానని రాధాబాయి. ఆ ఊక దుమ్ములో ఆయనను కూర్చోనివ్వనని తారాబాయి. నెలాఖరుకు తాత్కాలిక ఉద్యోగం ముగిసిపోతుంటే ఇంకా ఈ జొన్నచేను పట్టుకుని వేలాడటం ఎందుకని అత్త అంటుంటే, మళ్లీ పొడిగిస్తారని కోడలు మొండికేసింది. మాటకు మాట అంటూనే ఇద్దరూ ఒకే చేటలో బియ్యం ఏరుతున్నారు.

వాకిట్లోంచి ఆ మాట వినపడగానే నాలుగు చేతులూ ఆగిపోయాయి. రాధాబాయి చూపు నేరుగా పోయి కోడలి కడుపు మీద వాలింది.

"ఎవలకురా పేరు? నాకు ఒక్క మాటన్న చెప్పకపోతిరి."

"జొన్నకవ్వా. నా జొన్నకు."

తార పకపకా నవ్వింది. పెళ్లయినప్పటి నుంచి ఆమెకు నవ్వు రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. సాయంత్రం సైకిలు బెల్లు మోగితే నవ్వు. పాల మీద మీగడ మందంగా కడితే నవ్వు. పరిశోధన కేంద్రం వాళ్లిచ్చిన రెండు గదుల రేకుల ఇల్లు, మధ్యాహ్నమైతే పెనంలా కాలే ఆ ఇల్లు, ఆదిలాబాదు జిల్లా మొత్తంలో అంత మంచి ఇల్లు ఇంకొకటి లేదన్నట్టు ఊడ్చుకునేది, ముగ్గేసుకునేది.

లక్ష్మణ్‌రావు గుమ్మం మీదే కూర్చుని చెప్పులు విడుస్తూ చెప్పాడు. "హైదరాబాదుకెల్లి మా కేంద్రం పెద్ద సీతారాంరావు సారుకు ఫోనొచ్చింది. కమిటీల మన విత్తనం ఒప్పుకున్నరట. పాతజొన్న కంటె నాలుగో వంతు ఎక్కువ పండిందని లెక్క జూసి, ఇంక ఎవ్వలు నోరు తెరువలేదట. వచ్చే యాసంగి పంటకు రైతులకు ఇస్తరు."

"మరి నౌకరి?" అడిగింది రాధాబాయి. ఆమెకు కావలసింది అది.

"అదిగూడ. విత్తనం బయటికి తెచ్చినోనికి కాక ఇంకెవనికిస్తరన్నడు సారు. పర్మినెంటు. ఇంక ఆర్నెల్లకోసారి పొడిగింపు కాయితం కోసం ఒక్కొక్కని ముంగట నిలవడుడు లేదు."

రాధాబాయి చేట పక్కన పెట్టింది. మిల్లు సంగతి అక్కడికక్కడే మరిచిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, కూర్చున్న చోటే నిటారుగా సర్దుకుంది.

"అయితె మీ బాపు పేరు పెట్టు. లింగారావు జొన్న. పోయినాయన పేరు ఊరూర నిలవడ్తది. ఆ పేరు దల్చుకుంట రొట్టెలు జేసుకుంటరు."

"రొట్టె మాడితె మామయ్యనే తిడుతరు గద అత్తమ్మా," అంది తార.

"నీకన్నిటికి నవ్వే. మెట్‌పల్లిల మీ బాపు పేరు పెట్టుమన్ననా?"

లక్ష్మణ్‌రావు లేచి కుండలో నీళ్లు ముంచుకుని గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ అన్నాడు.

"తార అని రాసిచ్చిన సారుకు."

తారకు చెవులు వేడెక్కాయి. విత్తనాల సంచుల మీద తన పేరు. మెట్‌పల్లి బజారులో బాపు ఆ సంచి ముందు నిలబడి, కళ్లద్దాలు పైకి తోసుకుని, ఒకటికి రెండుసార్లు చదువుకోవడం. ఆ తర్వాత దుకాణంలో వాళ్లందరికీ చెప్పకుండా ఊరుకోవడానికి బాపు పడే అవస్థ. అన్నీ ఒక్కసారే కళ్ల ముందు కదిలాయి. నవ్వు ఆపుకోవడానికి ఆమె చేట మళ్లీ దగ్గరికి లాక్కుని, రాయి లేని చోట రాయి వెతికింది.

"పెట్టుకోండ్రి," అంది రాధాబాయి. గొంతులో చేదు దాచుకోవాలని కూడా అనుకోలేదు. "నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల పేరు జొన్నకు. కన్నోళ్లు యాదికి రాకపోయిరి. తార జొన్నట. అయినా గంత పండిందంటవు గని, ఆ చేను సగం మనమే బుక్కితిమి గదరా. నా తమ్ముని పిల్లలు సంచులల్ల నింపుకొని పోయిరి. గంత తిన్నంక గూడ గంత మిగిలిందా?"

"మనం తిన్నది కొత్తది కాదత్తమ్మా. పాతజొన్న," తార నవ్వుతూనే సర్దిచెప్పింది. "కొత్తది తియ్యగుండదని ఈయననే గద మనను అటు తీసుకపోయింది. ఒక్క కాడ తెంపొద్దని, నాలుగు దిక్కుల..."

మాట అక్కడ ఆగింది.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తు. పెళ్లయిన కొత్తలో అత్తవైపు వాళ్లంతా ఊచబియ్యం తినడానికి చేనికి వచ్చిన రోజు. గింజ పాలు పోసుకుని గట్టిపడుతున్న కంకులు తెంపి, నిప్పుల మీద కాల్చి, వేడివేడిగా నలిపి, ఎల్లిపాయ కారంతో తిన్నారు. లక్ష్మణ్‌రావు తన అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, అందరి ముందే ఆమె నోట్లో పెట్టాడు. వదినె వరుసల వాళ్లు గోల చేశారు. ఆ తర్వాత ఆయన ఆమె చెయ్యి పట్టుకుని చేను ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పాడు. "ఒక్క కాడనే తెంపకుండ్రి. నాలుగు దిక్కుల పాతజొన్న ఉన్నది. అన్నిట్లకెల్లి సమానంగ తెంపుర్రి," అని వెనక వస్తున్న వాళ్లకు చెబుతూ నడిచాడు. ఆ నడకను ఆమె ఈ కొన్ని నెలల్లో ఎన్నిసార్లు తలుచుకుందో ఆమెకే తెలియదు. కాపురంలో మొదటి మంచిరోజు ఏదని అడిగితే ఆ రోజే చెప్పేది.

అంతకుముందు ఒకసారి అదే గట్టు మీద ఆయనే ఆమెకు నేర్పాడు. కొత్త విత్తనం పక్కన పాతది కూడా వేయాలి. అలా నాలుగు చోట్ల. ఆ పాతజొన్న సాళ్లను ఆయన పోలిక సాళ్లు అనేవాడు. వాటి పంట తూచి, కొత్తదాని పంట తూచి, ఎంత తేడా వస్తే కొత్తదానికి అంత విలువ. పోలిక సాళ్ల మీద పిట్ట వాలినా ఆయన గట్టు మీద నుంచి లేచి తోలేవాడు.

కరీంనగర్ కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన పిల్లకు ఇంతకంటే ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"తూకం ఏసినప్పుడు," అంది నెమ్మదిగా, "మనం తిన్నయి కలిపిన్రా?"

లక్ష్మణ్‌రావు చెంబును కుండ మీద బోర్లించాడు. సరిగ్గా బోర్లిందో లేదోనని మళ్లీ సర్దాడు.

"పేడాలు తేవాలె. సారుకిచ్చేది ఉన్నది. బజారుకు పోయొస్త," అని చెప్పులు వేసుకున్నాడు.

సైకిలు వీధి మలుపు తిరిగే దాకా తార దాని చప్పుడు విన్నది. బెల్లు మోగింది. ఆమెకు నవ్వు రాలేదు.

*

పొద్దు వాలుతుండగా అంబదాస్ వచ్చాడు. పరిశోధన కేంద్రం కంచెను ఆనుకుని అతని భూమి. తెల్ల టోపీ తీసి చేతిలో పట్టుకుని, వాకిట్లోనే గొంతుక్కూర్చున్నాడు.

"సార్ లేడా బాయి? శుభవార్త మా ఊరి దాక వచ్చింది."

"బజారుకు పోయిండు. జర సేపట్ల వస్తడు," అంది తార. మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"నాకేం పని లేదు బాయి. ఒక మాట చెప్పిపోదామని. పాత ఇత్తునం ఈసారి ఎత్తిపెట్టలే. సార్ ఇత్తునం వస్తదని పోయిన వారమే గాదె ఖాళీ జేసి అమ్మేసిన. ఇంట్ల ఉంటె మల్ల దాని మీదికే మనసు పోతది గద. సార్ జొన్న ఎక్కువ పండుతదంటె ఇంక ఫికరేంది. ముసలెద్దును మార్చుకుంట ఈసారి."

తార గుమ్మం పట్టుకుని నిలబడింది. "అంత అమ్మేసిన్రా? కొంచమన్న ఉంచుకోకపోయిన్రా?"

"ఎందుకు బాయి? మీ ఇంటాయన జేసిన ఇత్తునం." అంబదాస్ మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. కొంచెం సిగ్గుపడ్డాడు. "మా ఇంటామె ఒక మాట చెప్పుమన్నది. జొన్నకు మీ పేరేనట గద. మొదటి దోసిలి ఇత్తునం మీ చేతులకెల్లే పోయించుకోవాలెనట. పేరు గల్ల తల్లి చేతులకెల్లి వస్తె ఇల్లు నిండుతదన్నది. మీరు కాదనద్దు."

తార గ్లాసు తీసుకుని లోపలికి పోయి, దాన్ని తోమినదే తోముతూ చాలాసేపు ఉండిపోయింది. అంబదాస్ "వస్త బాయి" అన్నది వినపడింది. బయటికి వచ్చి అతని ముఖం చూడటం ఆమెకు చేతకాలేదు.

తన చేతులు చూసుకుంది. ఈ చేతులతోనే ఆ రోజు కంకులు తెంపింది. మంచివి ఏరి ఏరి తెంపింది. నాలుక మీదికి ఆ తీపి మళ్లీ వచ్చినట్టయి, పెరట్లోకి పోయి నోరు పుక్కిలించి ఉమ్మింది.

*

లక్ష్మణ్‌రావు పేడాల పొట్లంతో వచ్చేసరికి ఆమె పెరట్లో రాతిబండ మీద కూర్చుని ఉంది. ఎండ ఇంకా పోలేదు. లోపల రాధాబాయి వంటపాత్రల చప్పుడు వినపడుతోంది.

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. పొట్లం విప్పి ఒక పేడా తీసి ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు.

ఆమె ముఖం తిప్పుకుంది.

"కోపమా?"

"అడిగినదానికి చెప్పకనే పోయిన్రు."

ఆయన పేడాను మళ్లీ పొట్లంలో పెట్టాడు. పెట్టి, వేళ్లకు అంటిన పిండి దులుపుకున్నాడు.

"కలుపలే," అన్నాడు చివరికి.

"కంకులు పోయినయని రాయన్న రాసిన్రా?"

"రాస్తె ఈ ఏడు లెక్కనే కొట్టేస్తరు తారా. మల్ల ఒక యాసంగి ఆగాలె. నాకు యాసంగి ఏడున్నది? నెలాఖరుకు పొమ్మంటుండ్రు. నేను పోతె నా వెనుక ఇంకెవడో వచ్చి, నా సాళ్లు దున్ని వాని విత్తనం ఏస్కుంటడు. ఇన్నేండ్ల పని."

"సారుకు తెలుసా?"

"సారుకా?" ఆయన ముఖంలో ఒక్కసారి భయం కనిపించింది. "సారుకు తెలిస్తె ఇంకేమన్న ఉన్నదా. పోయినసారి ఒకరి చేన్ల సాళ్లకు కట్టిన చీటీలు తారుమారయితె, పంట చేతికొచ్చింది గూడ చూడలే. చేను చేనంత దున్నించిండు. ఆయన లెక్కల మనిషి. నన్ను నమ్మి సంతకం జేసిండు."

లోపల పాత్రల చప్పుడు ఆగింది. ఇద్దరూ గమనించలేదు.

"పోయినేడు నిజంగనే మనది ఎక్కువ పండింది," అన్నాడు. "నీ మీద ఒట్టు. ఈ ఏడు చలికి రెండు ఒక్కతీరుగ నిలవడ్డయి. ఈ ఒక్క ఏడే."

"ఒక్కతీరుగ నిలవడ్డయని మీకు ఎప్పుడు తెలిసింది? కోసినంకనా?"

ఆయన కాళ్ల దగ్గర పడి ఉన్న పుల్ల ఒకటి అందుకున్నాడు.

"కాదు. అంతకు ముంగటనే తెలుసు. మేము ఊచబియ్యానికి వచ్చిన్నాడే తెలుసు."

గోడ అవతల ఎవరో దూడను అదిలిస్తున్నారు. తార ఆయన ముఖాన్నే చూస్తూ ఉంది. తను ఇన్నాళ్లూ ముచ్చటపడి చూసిన ముఖం. గడ్డం కింద చిన్న గాటు, ఎండకు కమిలిన చెంపలు. ఏదీ మారలేదు. అదే ఆమెకు వింతగా ఉంది.

"ఒక్కటే అడుగుత," అంది. "నా నోట్లె పెట్టింది గందుకేనా?"

"ఛీ. గట్లనకు. నువ్వు తింటవని పెట్టిన. నువ్వు నవ్వితె చూద్దామని."

"మరి నా చెయ్యి పట్టుకొని నాలుగు దిక్కులకు తిప్పింది?"

ఆయన నేల మీద పుల్లతో గీతలు గీశాడు. గీసినవాటిని కాలితో చెరిపాడు. తర్వాత ఎంతో తగ్గిన గొంతుతో అన్నాడు.

"రెండిట్ల కోసం. నీ కోసం, దాని కోసం గూడ."

లెక్క కోసమేనని అని ఉంటే ఆమె కడిగిపారేసి ఉండేది. నీ కోసమేనని అని ఉంటే ఏడ్చి, నాలుగు రోజులకు క్షమించి ఉండేది. రెండూ కలిసి వచ్చేసరికి, నోట్లో పెట్టుకున్న ముద్దలో వెంట్రుక తగిలినట్టయింది. ఎక్కడి దాకా అన్నమో, ఎక్కడి నుంచి వెంట్రుకో ఇప్పుడు ఎలా వేరు చేయడం? ఆ రోజు ఆయన పొట్టు ఊదుతుంటే ఆ ఊపిరి తన చెంపకు తగిలింది. అది ఎవరి కోసం?

"అందరు జేస్తరు తారా," ఆయన ఇప్పుడు తొందరతొందరగా మాట్లాడుతున్నాడు. "ఒకడు తన సాళ్లకు ఎవ్వలు చూడనప్పుడు ఎరువు ఎక్కువ చల్లుతడు. ఇంకొకడు పోలిక సాళ్లకు నీళ్లు ఆపుతడు. పెద్ద పెద్ద పేర్లున్నోళ్లు జేస్తరు. గవన్ని పెద్ద దొంగతనాలు. నేనేం జేసిన? ఇంటికొచ్చిన సుట్టాలకు కడుపునిండ పెట్టిన. నా పెండ్లాన్ని నవ్వించిన. గది గూడ తప్పేనా?"

"ఇంక చెప్పకుండ్రి," అంది తార. "అంబదాస్ పాత ఇత్తునం అమ్మేసుకున్నడు. మీకు తెలుసా?"

"దాంతోని ఏం నష్టం? రెండు ఒక్కతీరుగ పండుతయి గద. ఆయనకు తక్కువేం పడదు."

"ఎక్కువ వస్తదని ఎద్దును మార్చుకుంటనంటుండు. నా చేతులకెల్లి దోసిలి పోయించుకుంటడట. నా పేరు పెట్టిన్రు మీరు దానికి."

"ప్రేమతోని పెట్టిన."

"గదే," అంది తార. "మీరు ఏది పెట్టినా ప్రేమతోనే పెడ్తరు."

ఆ మాట ఆయనకు తగిలింది. లేవబోయాడు. అప్పటికే పెరటి తలుపు దగ్గర రాధాబాయి నిలబడి ఉంది. చేతిలో తడిగుడ్డ. ముఖంలో గాభరా లేదు.

"అంత విన్న," అంది ఆమె. "దీనికి గింత లొల్లెందుకే పిల్లా? నువ్వు చదువుకున్నదానివి, గోరంతను కొండంత జేస్తున్నవు. ఎవలన్న అడిగిన్నాడు చూద్దాం. అడిగితె నేను చెప్త. ఆడోళ్లం, మాకేం ఎరిక, చేన్ల కంకి కనవడ్డది, తెంపుకొని తిన్నమని. వాడు ఆ దినం ఊర్లెనే లేడని చెప్త. నువ్వు పక్కన నిలవడి అవునను. ముసల్దాన్ని, కొత్త కోడల్ని ఎవడు జైల్ల పెడ్తడు?"

తార భర్త వైపు చూసింది. ఆ క్షణంలో ఆయన "వద్దవ్వా" అంటాడని ఎదురుచూసింది. అంత మాత్రం అంటే చాలు, మిగతాదంతా ఇద్దరూ కలిసి ఎలాగో మోద్దామని ఆమె మనసు ఇంకా సిద్ధంగానే ఉంది.

ఆయన అనలేదు. తల్లి మాటను లోపల తిప్పి తిప్పి చూసుకున్నాడు. నుదుటి మీది ముడత విడిపోయింది. "అవును. అడిగిన్నాడు గద," అన్నాడు. చెయ్యి దానంతట అదే పొట్లంలోకి పోయింది. ఇందాక ఆమె వద్దన్న పేడాను తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

ఆయన దవడ కదలడం తార చూసింది. పేడా ముక్క కింది పెదవికి అంటుకుని ఉంది. నాలుకతో దాన్ని లోపలికి లాక్కున్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషి తింటుంటే పక్కన కూర్చుని చూడటం ఆమెకు ఇష్టం. ఇప్పుడు చూడలేక కళ్లు నేలకు దించింది.

"ఇంక ఆ ముచ్చట బంద్," రాధాబాయి తీర్పు చెప్పినట్టు అంది. "రేపు సారును, సారు ఇంటామెను అన్నానికి పిలువాలె. గింత జేసిన మనిషికి ఒక్క పూట అన్నమన్న పెట్టకపోతె బాగుండదు. కోడిని కోపిద్దాం. పొద్దుగాల మనిద్దరం పోయి, ఆమెకు బొట్టు పెట్టి చెప్పొద్దాం. నీది ఆ అంచు చీర ఉన్నది గద, గది కట్టుకో."

తార లేచింది. చీర కుచ్చెళ్లకు అంటిన మట్టి దులుపుకుంది.

"మీరు వద్దత్తమ్మా. నేనొక్కదాన్నే పోత."

"ఒక్కదానివా? కొత్తదానివి, బొట్టు పెట్టుడుకు ఒక్కదానివి పోతవా? వాళ్లేమనుకుంటరు?"

"ఏమన్న అనుకోని."

రాధాబాయికి ఏమీ అర్థం కాలేదు. లక్ష్మణ్‌రావుకు అయింది. నోట్లో ఉన్నది మింగడం మరిచిపోయి అలాగే లేచి నిలబడ్డాడు.

"తారా," అన్నాడు. "బొట్టు పెట్టి వస్తవు గద? గంతనే గద?"

ఆమె పెరటి తలుపు దాకా నడిచింది. అత్తను తగలకుండా పక్కకు ఒదిగి గడప దాటింది. లోపలికి పోయాక ఆమె గొంతు వినపడింది. అందులో కోపం లేదు. రేపటి పని ఇంట్లో వాళ్లకు చెబుతున్నట్టే ఉంది.

"పొద్దుగాల ఏడింటికి నేను సారింట్ల ఉంట. అంతకన్న ముంగట మీరే పోయి చెప్తనంటె పోండ్రి. తొవ్వ మీకెరికె."